డాష్‌బోర్డు వెనక తెగిన దారి

నాన్నగారి పాత కారులో పెట్రోల్ ముల్లు, బ్యాటరీ లైటు రెండూ పనిచేయడం మానేశాయి. మీటరు మొత్తం మార్చమన్నారు మెకానిక్. నాకు మనసొప్పలేదు.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మీటరు విప్పాను. వెనక పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని మీద కరెంటు నడిచే రాగి గీతలు. కనెక్టరు దగ్గర షీటు మడత పడే చోటే రెండు గీతలు వెంట్రుకంత సన్నగా చిట్లాయి. కంటికి సరిగా ఆనలేదు, కరెంటు దారి తెగిందో లేదో చూపే మల్టీమీటరే పట్టిచ్చింది.

ఇక్కడ సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు. ఆ షీటు పాలియెస్టర్, ఐరన్ వేడి 300 డిగ్రీలు దాటుతుంది. తాకితే కరిగిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కరెంటును పోనిచ్చే సిల్వర్ కండక్టివ్ పెయింటు, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు తెచ్చుకున్నాను. చిట్లిన చోటుకు అటూ ఇటూ పైపూతను బ్లేడుతో మెల్లగా గీకాను, రాగి మెరిసేదాకా. స్పిరిట్‌తో తుడిచి, వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగును వంతెనలా పరిచి, రెండు కొసల మీదా పెయింటు వేశాను. తొందరపడితే పక్క గీతకు అంటుకుని షార్టవుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, పైన టేపు వేశాను.

బ్యాటరీ లైటు గీతను మాత్రం అశ్రద్ధ చేయకండి. చాలా పాత కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మేల్కొనేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే.

తెల్లారి తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది, ముల్లు సగం దాకా లేచింది. నాన్నగారు పక్క సీట్లో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయారు.