మొదటిసారి ఆట నడిపిస్తున్నారా? సమురాయ్ దర్బారు పక్కనపెట్టి సంతకు రండి

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను. సలహాలు తర్వాత.

కొన్నేళ్ల కిందట మియాపూర్‌లో మా ఫ్లాట్ డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురిని కూర్చోబెట్టి, మొట్టమొదటిసారి ఓ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడించాను. కథ నడిపించే గేమ్ మాస్టర్‌ని నేనే. కాలేజీ రోజుల నుంచీ జపాన్ యానిమే కార్టూన్లు చూసినవాణ్ణి కదా, అక్కడి సమురాయ్ యోధుల కథ అయితే నల్లేరు మీద బండి నడక అనుకున్నాను. ఆ కథ ఉన్న పుస్తకం పేరు చెప్పను గానీ, మొదటి ఘట్టమే ఒక ప్రభువు కొలువు. పద్నాలుగు మంది పెద్దమనుషులు, రెండు వంశాలు, మూడు తరాల పగ. నేను పేర్లు చదువుతూ పోతున్నాను. ఆరో పేరు దగ్గర మా బావ చెయ్యెత్తి, "ఒరేయ్ బామ్మర్దీ, వీళ్లలో మనం ఎవరితో కొట్టుకోవాలో ముందు చెప్పు, చుట్టరికాలు తర్వాత చూసుకుందాం" అన్నాడు. మా పిన్ని కూతురు ప్రభువు ముందు వంగి నమస్కరించకుండా "నమస్తే అండీ, బాగున్నారా" అంది. పుస్తకం ప్రకారం అది అవమానం, పరువు పాయింట్లు తగ్గించాలి. తగ్గించాను. "అన్నయ్యా, అలా వంగాలని నాకెవరు చెప్పారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదిన్నరకు బిర్యానీ వచ్చింది, ఆట ఆగింది, ఆ కథ మళ్లీ మొదలవలేదు.

పుస్తకంలో తప్పేమీ లేదు. ఎంచుకోవడంలోనే తప్పు చేశాను.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బోర్డు ఉండదు, గెలుపోటములు ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఏదైనా కష్టమైన పని చేయబోతే పాచిక వేస్తారు. బుర్రకథ గుర్తుతెచ్చుకోండి, కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. కాకపోతే ఇక్కడ వంతలు తందాన తాన అని ఊరుకోరు, కథను ఎటు కావాలంటే అటు లాక్కుపోతారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆట అచ్చులోకి వచ్చింది. ముందే రాసిపెట్టిన కథను అడ్వెంచర్ అంటారు. మొదటిసారి నడిపించేవాళ్లు సొంతంగా అల్లుకోవడం కంటే అచ్చయినదాన్ని తీసుకోవడమే మేలు. అయితే ఏది తీసుకోవాలి?

"ఆసియా కథలు" అని ఒక అలమారా మీద రాసి ఉంటుంది గానీ అందులో ఇరాన్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉంటాయి. 1985లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసమే ఓరియంటల్ అడ్వెంచర్స్ అనే పుస్తకం వచ్చింది. జపాన్, చైనా అన్నీ ఒకే కుండలో వేసి వండినట్టుంటుంది, పైగా పరువుకు ఓ అంకె. ఆ ధోరణి మీద తర్వాత బోలెడు విమర్శ వచ్చింది. పాత పుస్తకాలు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మనకు ఇంకో తిరకాసు ఉంది. మనమూ ఆసియావాళ్లమే కదా, ఇవన్నీ మనకు తెలిసినవేలే అనిపిస్తుంది. కొరియాలో పెద్దలకు ఎలా మొక్కుతారో, ఫిలిప్పీన్స్ పల్లెలో దేనికి భయపడతారో మనకెంత తెలుసో అమెరికావాడికీ అంతే తెలుసు. కాబట్టి "మన దగ్గరి దేశం" అన్న లెక్కతో ఎంచుకోవద్దు.

మరి దేన్నిబట్టి ఎంచుకోవాలి? నేను మొదటి ఐదారు పేజీలు చదివి ఒక్కటే చూస్తాను. ఆటగాళ్లు కూర్చున్న పది నిమిషాల్లో వాళ్లు చేయాల్సిన పని, వాళ్ల చేతులకు ముందే అలవాటైనదేనా? బేరం ఆడటం, వంట చేయడం, పోటీకి దిగడం, దారి అడగడం, పోయిన వస్తువు వెతకడం. ఇలాంటివైతే ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. కొలువులో మర్యాద పాటించడం అయితే ముందు పాఠం చెప్పాలి, తర్వాత పరీక్ష పెట్టాలి. మొదటిసారి నడిపించేవాడి వల్ల ఆ రెండూ అయ్యే పని కాదు.

నా రెండో ప్రయత్నం ఈ లెక్కతోనే చేశాను. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అని పదమూడు చిన్న కథల సంకలనం వచ్చింది. అజిత్ జార్జ్, ఎఫ్. వెస్లీ ష్నైడర్ కలిసి దాన్ని దగ్గరుండి తయారుచేయించారు. ఒక్కో కథనూ ఆ సంస్కృతితో సంబంధం ఉన్న రచయితలే రాశారు. అందులో మొదటిది సాల్టెడ్ లెగసీ. థాయ్‌లాండ్ ఛాయలున్న సియాబ్‌సుంగ్‌కో అనే కల్పిత దేశంలో, డిన్ సింగ్ అనే రాత్రి సంతలో జరుగుతుంది. ఒకటో లెవెల్ పాత్రల కోసం రాసింది. లెవెల్ అంటే పాత్ర బలం ఏ మెట్టు మీద ఉందో చెప్పే అంకె, ఒకటి అంటే అన్నిటికంటే కింది మెట్టు. పోటీ వ్యాపారులు, వాళ్ల మధ్య అనుమానాలు, దొంగతనాలు. ఇంతకంటే చెబితే మీ ఆట పాడవుతుంది. సంతలో బయటివాళ్లను ఎవరూ ఊరికే నమ్మరు, చిన్న చిన్న పోటీల్లో, పనుల్లో పాల్గొని వాళ్ల మనసు గెలుచుకోవాలి. కొట్లాటలు తక్కువ. ఒకటో లెవెల్లో ఇది పెద్ద వరం. ఆ లెవెల్లో పాత్రకు ప్రాణం గుప్పెడే, రెండు దెబ్బలకే పడిపోతుంది.

ఆ సాయంత్రం జరిగిన ఒక్క ముచ్చట చెబుతాను. మాది తెనాలి. మా పిన్ని కూతురు పెరిగింది గుంటూరులో, మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో. ఆవిడ పాత్ర ఒక పొట్టి దొంగ. మసాలా దినుసుల కొట్టు దగ్గర ఆగింది. కొట్టు ముసలమ్మను నేనే. పుస్తకంలో ఆ ముసలమ్మ లేదు, అప్పటికప్పుడు పుట్టించాను. చెల్లి లేని మిరపకాయను చేతిలోకి తీసుకున్నట్టు వేళ్లు కలిపి, తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "పెద్దమ్మా, ఇది పోయినేడాది సరుకు కదా? కోల్డ్ స్టోరేజీ నుంచి తీశారు" అంది. టేబుల్ అంతా గొల్లుమంది. పాచిక వేయించాలా? ఇరవై ముఖాల పాచిక చేతిలోనే ఉంది. వేయించలేదు. ముసలమ్మ కాసేపు చూసి, స్టూలు జరిపి, "కూర్చో తల్లీ, ఎవరమ్మాయివి నువ్వు?" అంది. ఆ తర్వాత సంతలో ఎవరి గురించి ఏం కావాలన్నా చెల్లి నేరుగా ఆ కొట్టుకే వెళ్లేది. థాయ్‌లాండ్ గురించి ఆవిడకు ఏమీ తెలియదు, కారం గురించి తెలుసు. మొదటిసారి పరువు పాయింట్లు పోగొట్టుకున్న మనిషి ఈవిడే.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి ఘట్టంలో ఆటగాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఎన్నో లెక్కపెట్టండి. మూడు దాటితే జాగ్రత్తపడండి, ఐదు దాటితే ఆ పుస్తకం మూసేసి ఇంకోటి చూడండి. అదనంగా మనుషులు కావాల్సి వస్తే ఆ ప్రాంతపు పేర్లే పెట్టండి, కానీ నోరు తిరిగేవి వెతకండి. థాయ్ పేర్లలో మనకు చుట్టాలు చాలామందే ఉన్నారు. బ్యాంకాక్‌లో నది ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడి పేరులో ఉన్నది మన అరుణుడే. కసెమ్ అనే పేరు మన క్షేమం నుంచి వెళ్లిందే. నేను ఇద్దరు కొట్టువాళ్లకు అరుణ్, కసెమ్ అని పెడితే రెండో ఆదివారం కూడా అందరికీ గుర్తున్నాయి. పేర్లన్నీ తెలుగు లిపిలో ఓ చీటీ మీద రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే నాలుగుసార్లు నాలుగు రకాలుగా పలుకుతాం.

నిజంగానే సమురాయ్ కావాలంటే దారి లేకపోలేదు. లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్ అనే ఆట ఉంది. రోకుగాన్ అనే కల్పిత సామ్రాజ్యం, 1995లో కార్డుల ఆటగా మొదలైంది. 2018లో దానికి బిగినర్ గేమ్ అని ఒక పెట్టె వచ్చింది. అందులో కథ టోపాజ్ ఛాంపియన్‌షిప్. పెద్దవాళ్ల కింద లెక్కకు రావాల్సిన వయసు పిల్లలు ఒక ఊళ్లో పోటీలకు వస్తారు. పోటీకో రూలు చొప్పున ఆట తనంతట తానే నేర్పుకుంటూ పోతుంది. పాత్రలు తయారుగా ఉంటాయి, పాచికలు పెట్టెలోనే ఉంటాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, మర్యాదలు తెలియకపోవడం ఇక్కడ తప్పు కాదు. పాత్రలే ఇంకా నేర్చుకునే వయసులో ఉన్నాయి. నేను మొదట ఇది తీసుకుని ఉంటే బిర్యానీ చల్లారిపోయేదాకా ఆడేవాళ్లమేమో. ఒక చిక్కుంది. దాని పాచికల మీద అంకెలకు బదులు గుర్తులుంటాయి, మామూలు పాచికలు నేరుగా పనికిరావు, ఒకటి పోతే కష్టం. మా ఇంట్లో సోఫా కింద ఎన్ని పాచికలున్నాయో దేవుడికే తెలియాలి.

కథ నడిపించడమంటేనే టెన్షన్ పడేవాళ్లకు ర్యూతామ చెబుతాను. జపాన్ ఆట, 2007 నాటిది. పాత్రలు వీరులు కారు, రైతు, వ్యాపారి, పాటగాడు, వైద్యుడు లాంటి మామూలు మనుషులు. ఊరు దాటి ఊరు వెళ్లడమే కథ. పొద్దున్నే ఒంట్లో ఎలా ఉందని పాచిక, నడకకు పాచిక, దారి తప్పామా అని పాచిక, రాత్రి మకాం ఎలా కుదిరిందని పాచిక. నీళ్ల సీసా, చెప్పులు కూడా లెక్కలోకి వస్తాయి. గేమ్ మాస్టర్‌కూ ఒక పాత్ర ఉంటుంది, ప్రయాణికులను చాటుగా కాచుకుని ఉండే డ్రాగన్ మనిషి. మొదటిసారి తడబడినా ఆట మిమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. కాకపోతే మా బావలాంటి వాళ్లు "ఇంకా కొట్లాట రాలేదేంటి" అని గంటకోసారి అడుగుతారు.

వద్దని చెప్పేవి కూడా కొన్ని ఉన్నాయి. అట్ట వెనక లెవెల్ చూడకుండా ఏదీ కొనకండి. పాత్‌ఫైండర్ ఆటలో ఫిస్ట్స్ ఆఫ్ ది రూబీ ఫీనిక్స్ అని కుస్తీ పోటీల కథ ఉంది, బొమ్మలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. అది మొదలయ్యేదే పదకొండో లెవెల్లో. ఆ లెవెల్ పాత్రకు ఎన్ని శక్తులుంటాయో చదవడానికే ఓ ఆదివారం కావాలి. అదే ఆటలో సీజన్ ఆఫ్ గోస్ట్స్ ఒకటో లెవెల్ నుంచే మొదలవుతుంది, విల్లోషోర్ అనే ఒక్క ఊరి మనుషులతో కాపురం చేయిస్తుంది, బాగుంటుంది. కానీ నాలుగు పుస్తకాలు. మీ బల్ల చుట్టూ కూర్చున్న అందరూ వచ్చే నెల కూడా వస్తారన్న నమ్మకం ఉంటేనే ముట్టుకోండి. జియాంగ్‌షీ: బ్లడ్ ఇన్ ది బాంక్వెట్ హాల్ అని ఇంకోటి ఉంది, బనానా చాన్, సెన్-ఫూంగ్ లిమ్ చేసింది. 1920ల్లో ఉత్తర అమెరికాలో హోటల్ నడుపుకునే చైనా వలస కుటుంబం, రాత్రిళ్లు గెంతుకుంటూ వచ్చే శవాలు. కుటుంబం, హోటల్ పని, పరాయి దేశంలో ఎదురయ్యే వివక్ష అన్నీ ఉంటాయి. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఆడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. అందుకే ఆటగాళ్లను ముందుగా అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

అడగడం అంటే పెద్ద తతంగం కాదు. వాట్సాప్ గ్రూపులో మూడు ప్రశ్నలు పెడతాను. ఎన్నింటికి వెళ్లిపోవాలి? కథలో ఏ సంగతి వస్తే ఇబ్బంది? నవ్వుకోవాలా, భయపడాలా? రెండోదానికి జవాబు గ్రూపులో చెప్పలేనివాళ్లు నాకు విడిగా రాస్తారు. ఒకసారి ఒకరు "పిల్లలు తప్పిపోయే కథ వద్దు" అని రాశారు. అప్పటికే ఎంచుకున్న అడ్వెంచర్ మొదటి పేజీలోనే ఒక పిల్లాడు తప్పిపోతాడు. మేకపిల్లగా మార్చేశాను. అంతే, కథ ఏమీ కుంటుపడలేదు. ఇలా ఒక్క ముక్క మారిస్తే మొత్తం కూలిపోయే కథ అయితే దాన్ని మొదటిసారికి తీసుకోవద్దు. ఇదీ ఒక పరీక్షే. ఒక ఆధారం ఆటగాళ్ల కళ్లబడకపోతే కథ అక్కడే ఆగిపోతుందా, వేరే దారి ఉందా? పుస్తకంలో ఒకే దారి ఉంటే ఇంకో దారి మీరే పక్కన పెన్సిల్‌తో రాసుకోండి.

టైం విషయంలో మాత్రం పుస్తకాన్ని నమ్మకండి. మా ఇంట్లో అయితే ఒక్క సాయంత్రానికి సరిపోతుంది అనుకున్న సాల్టెడ్ లెగసీకి రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం సగం బేరాలకే పోయింది. రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర అర్ధరాత్రి గాజులు కొన్నవాళ్లను సంతలోకి వదిలితే ఇక అంతే కదా.

అన్నట్టు, ఆ సంకలనంలోనే ఇన్ ది మిస్ట్స్ ఆఫ్ మణివర్ష అని ఉంది. మిమీ మండల్ రాసింది, బెంగాల్ ఛాయలున్న నదుల దేశం. పుస్తకం చేతికి రాగానే అందరి వేలూ దాని మీదే పడింది, మన దేశం కథ కదా అని. తొమ్మిదో లెవెల్ పాత్రలకు రాసింది అది. మా బల్ల మీద పాత్రలు ఇప్పుడు నాలుగో లెవెల్లో ఉన్నాయి. మా బావ ప్రతి ఆదివారం చివర్లో "ఇంకెన్ని?" అని అడుగుతాడు. ఐదు బావా, ఐదు.