డిగ్రీ రెండో ఏడాదిలోనే ఉద్యోగానికి సిద్ధపడటం ఎలా?

మన డిగ్రీ కళాశాలల్లో ఉద్యోగం మాట సాధారణంగా ఆఖరి సెమిస్టర్‌లో వినిపిస్తుంది; అప్పటికి రెజ్యూమెలో రాయడానికి మార్కులు తప్ప మరేమీ మిగలవు. అందుచేత రెండో ఏడాదిలోనే ఒక ఆదివారం కూర్చుని, మీరు చేయదలచుకున్న ఒకే రకం ఉద్యోగానికి సంబంధించిన ఇరవై ప్రకటనలు చదవండి. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రకటనల్లో అడిగిన నైపుణ్యాలను నోటుబుక్కులో రాసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకోండి. అకౌంట్స్ ఉద్యోగాలు చూసే బీకాం విద్యార్థికి ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు పదే పదే తగులుతాయి. ఎక్కువ గీతలు పడినా మీకింకా రానివి ఏవో, రాబోయే ఆరు నెలలు నేర్చుకోవలసినవి అవే.

నేర్చుకోవడానికి కోర్సు ఒక్కటే చాలదు. ఊళ్లో ఉన్న ఆడిటర్ గారి ఆఫీసుకు వెళ్లి, జీతం అడగకుండా మూడు నెలలు పని నేర్చుకుంటానని చెప్పి చూడండి. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారులకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 గడువు మరుసటి నెల 11, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్‌టీఆర్-3బి గడువు 20 కాబట్టి, ఆ తేదీల ముందు అక్కడ చేతి సాయం చేసేవారు ఎప్పుడూ తక్కువే.

ఆ అనుభవాన్ని రాయడంలోనే చాలామంది తడబడతారు. ‘ట్యాలీ తెలుసు’ అన్న మాట పక్కనున్న వంద రెజ్యూమెల్లోనూ ఉంటుంది. దానికి బదులు ‘ఎనిమిది దుకాణాల కొనుగోలు బిల్లులను ట్యాలీలో ఎక్కించి, ప్రతి నెలా జీఎస్‌టీఆర్-2బితో సరిచూశాను’ అని రాస్తే, ఇంటర్వ్యూ చేసేవారికి అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది: 2బిలో, అంటే అమ్మినవారి రిటర్నుల ఆధారంగా జీఎస్టీ పోర్టల్ తయారుచేసే కొనుగోళ్ల జాబితాలో, కనిపించని బిల్లును ఏం చేశారు? సరుకు అమ్మినవారు తమ రిటర్ను వేయలేదేమోనని ఫోన్ చేసి కనుక్కున్న సంగతి మీరు చెప్పగలిగితే, కంఠతా పట్టిన స్వపరిచయం కంటే అది ఎంతో నయం. రెజ్యూమెను ఒక పేజీకి కుదించి, తండ్రి పేరు, మతం, ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న పాతకాలపు వాక్యం తీసివేయండి. ఆంగ్లంలో మాట్లాడటానికి బెరుకుంటే, చేసిన పనిని ముందు తెలుగులో స్నేహితుడికి వివరించి, తర్వాత అదే విషయాన్ని చిన్న చిన్న ఆంగ్ల వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి.

గ్రూప్స్ రాయాలనుకునేవారు ఎన్నాళ్లు చదవాలో ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాలి. నోటిఫికేషన్ మన వయసు చూసి రాదు. ఈలోగా అప్రెంటిస్‌షిప్ మంచి దారి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద డిగ్రీ పూర్తయినవారు స్టైపెండ్ తీసుకుంటూ ఏడాదిపాటు సంస్థల్లో శిక్షణ పొందవచ్చు. ఇందుకు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకమైన నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

డబ్బు కడితే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనేవారినీ, దొంగ అనుభవ పత్రాలు అమ్మేవారినీ దగ్గరికి రానీయకండి. పీఎఫ్ ఖాతాకు అనుసంధానమైన యూఏఎన్ అనే శాశ్వత సంఖ్య కింద ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో నమోదై ఉంటుంది; చాలా కంపెనీలు ఆ వివరాలను రెజ్యూమెతో పోల్చి చూస్తాయి. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు అది కంపెనీ సొంత ఈమెయిల్ చిరునామా నుంచే వచ్చిందో లేదో చూసి, అనుమానముంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే మీ ఆధార్, బ్యాంకు వివరాలు పంపండి.