జెండా పాట ఒకటి, మన కుప్ప ధర ఒకటి: ఆర్థిక సూచికలను చదివే పద్ధతి

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. ఖరీదుదారులు, అడ్తిదారులు, రైతులు ఒకచోట చేరగా, ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి ధర పాడుతారు. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లోనూ మర్నాడు పత్రికల్లోనూ కనిపించేది ఆ ధరే. అది అబద్ధం కాదు గానీ ఒక కుప్పకు పలికిన ధర మాత్రమే. తేమ, రంగు చూసి మిగతా వాటికి కట్టే ధర వేరు. ద్రవ్యోల్బణం, వృద్ధి రేటు, తలసరి ఆదాయం వంటి అంకెలు వార్తల్లో వచ్చినప్పుడు కూడా అవి ఏ సరుకుకు పాడినవో, ఎప్పటితో పోల్చి పాడినవో, మన కుప్పకు ఎంతవరకు వర్తిస్తాయో అడగాలి.

మొదట ద్రవ్యోల్బణం సంగతి చూద్దాం. ఇళ్లలో వాడే సరుకులు, సేవల బుట్ట ధరను కొలిచే వినియోగ ధరల సూచీని జాతీయ గణాంక కార్యాలయం సాధారణంగా ప్రతి నెలా 12వ తేదీన ప్రకటిస్తుంది. ముందటేడు అదే నెలతో పోలిస్తే ఆ సూచీ ఎంత శాతం పెరిగిందో చెప్పేదే ద్రవ్యోల్బణం. 2024 అక్టోబరులో ద్రవ్యోల్బణం 6.21 శాతం కాగా, 2025 అక్టోబరులో 0.25 శాతమే. రెండో అంకె వినగానే ధరలు దిగివచ్చాయని చాలామంది అనుకున్నారు, తీరా అంగడికి వెళ్లి కోపగించుకున్నారు. కాగితం మీద లెక్క వేసి చూడండి. 2023 అక్టోబరులో రూ.100 ఉన్న సరుకుల బుట్ట ఏడాదికి రూ.106.21 అయింది, దాని మీద 0.25 శాతం పెరిగి రూ.106.48కి చేరింది. ధరలు తగ్గలేదు, పెరగడం దాదాపుగా ఆగింది. ముందటేడు కూరగాయలు మండిపోవడం, 2025 సెప్టెంబరు 22 నుంచి అనేక వస్తువులపై జీఎస్టీ తగ్గడం, రెండూ కలిసి ఆ అంకెను అంత కిందికి దించాయి. అందువల్ల ఏ ద్రవ్యోల్బణ రేటు చూసినా ముందటేడు అదే నెల రేటును పక్కన పెట్టుకుని చదవడం మొదటి నియమం.

రెండోది బుట్ట సంగతి. 2012 ధరలను ప్రాతిపదికగా, అంటే పోలికకు ఆధారంగా, తీసుకున్న పాత సూచీలో ఆహారం, పానీయాల వాటా పల్లెల్లో దాదాపు 54 శాతం, పట్టణాల్లో 36 శాతం. కాబట్టి టమాటా, ఉల్లి ధర పడిపోయినప్పుడు సూచీ బాగా తగ్గుతుంది. హన్మకొండలో అద్దెకు ఉంటూ ఇద్దరు పిల్లలను చదివించే ఇంటికి మాత్రం ఆ ఊరట అంతగా తెలియదు. 2026 ఫిబ్రవరి నుంచి 2024 ప్రాతిపదికతో కొత్త సూచీ వస్తోంది, కనుక పాత, కొత్త అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టకూడదు.

మీ ఇంటి సూచీని మీరే కట్టుకోవచ్చు, ఒక నోటుపుస్తకం చాలు. ఒక ఇంటికి నిరుడు ఇదే నెలలో అద్దె రూ.8,000, కిరాణా, కూరగాయలు, పాలు కలిపి రూ.9,000, బడి ఫీజు, మందులు, కరెంటు వగైరా రూ.7,000 అయ్యాయనుకుందాం. ఈ ఏడు అంతే పరిమాణానికి వరుసగా రూ.8,800, రూ.8,800, రూ.7,700 అయితే మొత్తం రూ.24,000 నుంచి రూ.25,300కు చేరింది, అంటే 5.4 శాతం పెరుగుదల. కిరాణా తగ్గినా అద్దె, ఫీజులు మింగేశాయి. గత నెలతో పోల్చకండి, ఎందుకంటే చలికాలంలో కూరగాయలు ఏటా చవకవుతాయి. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం, రేషన్ కార్డుపై సన్న బియ్యం వంటివాటి వల్ల మిగిలిన డబ్బును వేరే గడిలో రాయండి. అది పథకం వల్ల వచ్చిన ఊరట, అంగట్లో ధర తగ్గుదల కాదు.

ఉద్యోగులకు, సింగరేణి కార్మికులకు ఇంకో సూచీ ముఖ్యం. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని లేబర్ బ్యూరో దేశంలోని 88 కేంద్రాల ధరలతో లెక్కిస్తుంది, వాటిలో వరంగల్ ఒకటి. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం, బొగ్గు కార్మికుల వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కదిలేది దీన్ని బట్టే.

ఇక అప్పుల సంగతి. బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీ అయిన రెపో రేటు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోగా 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. ఇరవై లక్షల ఇంటి రుణం ఇరవై ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో ఉంటే నెలవారీ కిస్తు రూ.17,356, తగ్గుదల మొత్తం బదిలీ అయి 7.25 శాతానికి వస్తే రూ.15,808. అయితే చాలా బ్యాంకులు కిస్తు తగ్గించకుండా గడువు తగ్గిస్తాయి, కాబట్టి మీ ఖాతాలో ఏది జరిగిందో బ్యాంకును అడిగి తెలుసుకోండి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు రెపో రేటుతో ఏ సంబంధమూ లేదు.

దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ అయిన స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) విషయంలో రెండు అంకెలను కలిపి చూడాలి. 2025 జులై–సెప్టెంబరు త్రైమాసికానికి మొదట ప్రకటించిన అంచనాలో ధరల ప్రభావం తీసేసిన వృద్ధి 8.2 శాతం, తీయనిది 8.7 శాతం. దుకాణదారుకు గల్లాపెట్టెలో తెలిసేది రెండోదే. తలసరి ఆదాయమంటే సగటు మాత్రమే: 2024-25లో తెలంగాణకు చెప్పిన రూ.3,79,751ని నలుగురున్న ఇంటికి లెక్కేస్తే రూ.15 లక్షలు దాటుతుంది! హైదరాబాద్, రంగారెడ్డి ఆ సగటును ఎంత పైకి లాగుతున్నాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. నెలవారీ నిరుద్యోగ రేటులో వారంలో ఒక్క గంట పని దొరికినవారు కూడా పని ఉన్నవారి కిందికే వస్తారు.

ఇక పత్తి. 2025-26కు పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాకు రూ.8,110. సాగు ఖర్చుపై 50 శాతం కలిపి ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పేటప్పుడు ఆ ఖర్చు దేశవ్యాప్త సగటు అనీ, సొంత భూమికి కట్టే కౌలు విలువ అందులో లేదనీ గుర్తుంచుకోవాలి. అదే ఏడు ఆగస్టు 19న పత్తి దిగుమతి సుంకం 11 శాతాన్ని ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించారు. మిల్లులకు అది ఊరట. మన పంట మార్కెట్‌కు వచ్చే వేళకే బయటి పత్తి చవక కావడం రైతుకు దెబ్బ అని నా అభిప్రాయం. అలాంటి ఏడాదిలో ప్రైవేటు ధర మద్దతు ధరకు దిగువన ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలే ఆధారం, అక్కడ తేమ లెక్క తప్పదు. తేమ 8 శాతం వరకు పూర్తి ధర, ఆపైన 12 శాతం వరకు ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 శాతం తేమతో తెచ్చిన సరుకుకు రూ.7,786 దాకా వస్తుంది, 12 దాటితే తీసుకోరు. బండి కట్టే ముందు ఆ రోజు జెండా పాటతో పాటు మార్కెట్ ధరలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఆగ్‌మార్క్‌నెట్‌లో ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, అంటే మోడల్ ధర, ఎంతో చూసి, ఇంట్లో పత్తి ఎంత ఆరిందో తేల్చుకున్నాకే బయలుదేరండి.