ఆఫీసు కెమెరాల పని – 6వ పాఠం: రాత్రయితే పోయే కెమెరా

ఈ పాఠంలో హార్డ్ డిస్క్ లెక్క చెప్పాల్సింది. అది వచ్చేసారికి పెడుతున్నాను. ఎందుకంటే వైరింగ్ పాఠం చదివి పని మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు: పగలంతా బొమ్మ శుభ్రంగా వస్తుంది, చీకటి పడగానే దూరంగా ఉన్న కెమెరాకు ‘వీడియో లాస్’ అని పడుతుంది. కాసేపటికి వస్తుంది, మళ్లీ పోతుంది. కొందరు కెమెరా మార్చారు. ఒకాయన డీవీఆరే (రికార్డింగ్ పెట్టె) మార్చేశారు. తప్పు నాదే. వైరు ఎలా లాగాలో చెప్పాను గానీ, ఆ వైరులో వోల్టేజీ ఎంత తగ్గిపోతుందో చెప్పలేదు.

కెమెరాకు పగలు పని తక్కువ. చీకటి పడితే ఐఆర్ లైట్లు (కెమెరాకు చీకట్లో చూపునిచ్చేవి) వెలుగుతాయి, కరెంటు దాదాపు రెండింతలు లాగుతుంది. ఒంగోలు ట్రంక్ రోడ్డులో మూడంతస్తుల ఆఫీసు ఉందనుకోండి. డీవీఆర్ కింద, కెమెరా మేడ మీద, వైరు 60 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ లెక్క 120 మీటర్లు. నెట్‌వర్క్ కేబుల్‌లో ఉండేంత మందం రాగి తీగైతే దాని అడ్డు (రెసిస్టెన్స్) సుమారు 10 ఓములు; దాన్ని యాంపులతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు. కెమెరా పగలు 0.2 యాంపులు లాగితే, పంపిన 12 వోల్టుల్లో 2 దారిలోనే పోతాయి, చివర 10 మిగులుతాయి. అది నెట్టుకొస్తుంది. రాత్రి 0.4 లాగితే 4 వోల్టులు పోయి 8 మిగులుతాయి. కెమెరా ఆగిపోతుంది. ఆగగానే ఐఆర్ ఆరుతుంది, లోడు తగ్గి వోల్టేజీ లేస్తుంది, కెమెరా మళ్లీ ఆన్ అవుతుంది, ఐఆర్ వెలుగుతుంది, మళ్లీ పడిపోతుంది. తెల్లవార్లూ ఇదే.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. "మీటరు పెట్టి చూశానండీ, కెమెరా దగ్గర 12 వోల్టులూ ఉన్నాయి" అని ఎంతమంది రాశారో! ఎలా చూశారు? పిన్ను కెమెరా నుంచి పీకి, ఆ పిన్నులో మీటరు వైర్లు పెట్టి చూశారు. అలా చూస్తే 12 కాక ఇంకేం చూపిస్తుంది? కరెంటు పారనప్పుడు దారిలో పోయేది ఏమీ ఉండదు. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు సన్న పైపులోనూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది. తిప్పితే కదా ధార ఎంతో తెలిసేది! 60 మీటర్లైనా 160 మీటర్లైనా, తీగ తెగకుండా ఉంటే చాలు, పిన్ను పీకి కొలిస్తే 12 దగ్గరే కనిపిస్తుంది. దాన్ని నమ్మి కెమెరాను తిట్టకండి.

కొలవాల్సింది కెమెరా నడుస్తుండగా, ఐఆర్ వెలుగుతుండగా. నా సంచిలో ఒక చిన్న ముక్క ఎప్పుడూ ఉంటుంది: జానెడు వైరు, ఒక కొసన డీసీ మగ పిన్ను, ఇంకో కొసన ఆడ పిన్ను, మధ్యలో రెండు తీగలకూ కొంచెం తోలు గీకి ఉంటుంది. గీకిన చోట్లు రెండూ తగులుకోకుండా ఎడంగా ఉండాలి, తగిలితే షార్టే. కెమెరాకూ వైరుకూ మధ్య దీన్ని తగిలించి, అక్కడ మీటరు పెడతాను. పగలైతే కెమెరా ముందున్న లైటు సెన్సారు మీద నల్ల టేపు అంటించండి, లేదా మెనూలో నైట్ మోడ్ పెట్టండి. ఐఆర్ వెలిగాక 11 కంటే తగ్గితే నేను ఆ వైరును ఒప్పుకోను. పనిచేస్తుంది కదా అంటారు కొందరు. వానాకాలం ఒకటి దాటాక ఆ పిన్నులు ఎలా ఉంటాయో చూసినవాణ్ని, అందుకే ఒప్పుకోను.

ఎస్ఎంపీఎస్ (కెమెరాలన్నిటికీ 12 వోల్టులు పంపే పెట్టె) మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి 14 దాటించేవాళ్లున్నారు. దూరం కెమెరా బతుకుతుంది, నిజమే. కానీ రిసెప్షన్‌లో 5 మీటర్ల వైరు మీదున్న కెమెరాకు ఆ 14 మొత్తం నెత్తిన పడుతుంది. దయచేసి ఆ స్క్రూ జోలికి పోవద్దు.

మరేం చేయాలి? త్రీ ప్లస్ వన్ కేబుల్‌లో (మూడు తీగలు, ఒక వీడియో వైరు) ఆడియో వాడకపోతే నేను మూడో తీగను ప్లస్‌కు జత చేస్తాను, 10 ఓములు ఏడున్నరకు దిగుతాయి. అప్పటికీ ఐఆర్ వెలిగాక 11 నిలవకపోతే కెమెరా దగ్గరే 12 వోల్టుల 2 యాంపుల అడాప్టరు పెడతాను. కొత్త బిల్డింగైతే ఆలోచించకుండా ఐపీ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేది), పీఓఈ స్విచ్చు (అదే కేబుల్‌లో కరెంటూ పంపేది). అందులో కరెంటు 48 వోల్టుల దగ్గర వెళుతుంది కాబట్టి రాత్రి కెమెరా లాగే అదే 4.8 వాట్లకు (12 వోల్టులు × 0.4 యాంపులు) 0.1 యాంపు చాలు. అదే 10 ఓముల తీగలో పోయేది ఒక్క వోల్టు, అదీ 48లో. అక్కడ 100 మీటర్ల హద్దు డేటా కోసం.

చీమకుర్తిలో ఒక గ్రానైటు యూనిట్‌కు ప్యూర్ కాపర్ అని చెప్పి అమ్మిన కేబుల్ వేసి నేనే మోసపోయాను. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత. దాని ఓములు సుమారు ఒకటిన్నర రెట్లు. యార్డులో వేసిన నాలుగు లైన్లూ ఊడదీసి మళ్లీ లాగాను. అప్పటినుంచి కట్ట విప్పగానే షాపులోనే గీకి చూస్తాను.

ఓనర్లు కెమెరాలు పగలే చూస్తారు, రాత్రి పోయిందని వాళ్లకు తెలియదు. ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే చోట్లలో 30 రోజుల రికార్డింగ్ ఉంచాలని 2013 ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చెబుతోంది. సరిగ్గా దొంగతనం జరిగిన రాత్రే స్క్రీన్ నల్లగా ఉంటే ఆ ఓనరుకు ఏం సమాధానం చెబుతాం?

అభ్యాసం: ఇప్పటిదాకా మీరు పెట్టిన కెమెరాల్లో పది ఎంచుకోండి. ఒక్కోదానికి వైరు పొడవు, పగటి వోల్టేజీ, ఐఆర్ వెలిగాక వోల్టేజీ నోట్‌బుక్‌లో రాయండి. రాత్రి 8 తర్వాతే వెళ్లాలి, వాచ్‌మన్‌కు ముందే ఫోన్ చేసి చెప్పండి. 11 కంటే తగ్గినవన్నీ హార్డ్ డిస్క్ పాఠం వచ్చేలోగా సరిచేసి, మళ్లీ కొలిచి, పాత అంకె పక్కనే కొత్త అంకె రాయండి.