పాల లెక్క సర్వర్‌కు తప్పకుండా చేరాలంటే ప్రోటోకాల్ ఎలా రాయాలి?

పలమనేరు దగ్గరి పల్లెలో తెల్లారి పాలు పోస్తుంటే కరెంటు పోతుంది, లేదా పాలు కొలిచే మిషన్‌లోని సిమ్‌కు సిగ్నల్ ఉండదు. లీటర్లు, వెన్న శాతం ఉన్న ఆ రికార్డు చిత్తూరు సర్వర్‌కు చేరకపోతే రైతుకు ఒక పూట డబ్బు పోతుంది. రెండుసార్లు చేరినా లెక్క తప్పే. ఎవరూ వచ్చి రీస్టార్ట్ చేయకుండానే ఇది సర్దుకునేలా ప్రోటోకాల్, అంటే మిషన్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి, ఉండాలి.

ముందుగా ప్రతి రికార్డుకూ పాల కేంద్రం కోడ్, తేదీ, పూట, వరుస నంబర్ కలిపి ఒక గుర్తు ఇవ్వండి. పంపకముందే, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో రాయండి. సర్వర్ ‘అందింది’ అన్నాకే పంపాల్సినవాటి క్యూలోంచి తీయండి, అప్పుడు కూడా 7 రోజులు దాచే ఉంచండి. సర్వర్ వైపు తరచూ జరిగే పొరపాటు, అదే గుర్తు మళ్లీ వస్తే ఎర్రర్ ఇవ్వడం. మొదటి జవాబు దారిలో పోయింది గనకే మిషన్ మళ్లీ పంపింది. ఎర్రర్ చూసి అది పంపుతూనే ఉంటుంది, వెనకాలున్నవన్నీ ఆగిపోతాయి. రెండోసారి రాసుకోకండి, ‘అందింది’ మాత్రం చెప్పండి.

జవాబు రాకపోతే 2 సెకన్లు ఆగి మళ్లీ పంపండి. తర్వాత 4, 8, 16, అలా 300 దాకా. విరామంలో సగం వరకు ర్యాండమ్‌గా కలపాలి. కరెంటు ఊళ్లన్నిటికీ ఒక్కసారే వస్తుంది, మిషన్లన్నీ ఒక్కసారే సర్వర్ మీద పడతాయి.

టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందో లేదో ఆపరేటింగ్ సిస్టమే చూసే ఏర్పాటు) ఆన్ చేశాం కదా అనుకోవద్దు. లినక్స్ డిఫాల్ట్‌లో మొదటి పరీక్ష 7200 సెకన్ల తర్వాతే. అప్పటికి పూట ముగిసిపోతుంది. 30 సెకన్లకోసారి మీరే చిన్న పలకరింపు పంపండి. వరుసగా మూడింటికి జవాబు లేకపోతే కనెక్షన్ మూసి కొత్తది తెరవండి.

అసలు చిక్కు, దాచుకున్న వరుస నంబరే చెడిపోయినప్పుడు. 1980 అక్టోబర్ 27న, ఇంటర్నెట్‌కు ముందు తరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్ గంటల తరబడి నిలిచిపోయింది. ఒకే నోడ్ (నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్) పేరుతో మూడు వేర్వేరు వరుస నంబర్ల సందేశాలు వ్యాపించాయి. ఒకదానికంటే ఇంకొకటి కొత్తదన్నట్టు గుండ్రంగా కనిపించడంతో అవి ఎప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. నెట్‌వర్క్‌లో దారులు వెతికే ఇప్పటి ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్ ఆ దారుల సమాచారానికి 3600 సెకన్ల వయసు పెట్టింది, అది దాటితే పారేస్తుంది. ఎలాంటి తప్పు స్థితి నుంచైనా కొన్ని అడుగుల్లో సరైన స్థితికి చేరే వ్యవస్థను కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1974లోనే వివరించారు.

మన మిషన్‌లో అది ఇలా చేయాలి. ప్రతి రికార్డుకూ సీఆర్‌సీ-32 (డేటా చెడిపోతే పట్టిచ్చే తనిఖీ సంఖ్య) జోడించండి. బూట్ అయినప్పుడు వరుస నంబర్ దాచిన కౌంటర్‌ను నమ్మకుండా, సీఆర్‌సీ సరిపోయిన రికార్డులు చదివి చివరి నంబర్ తేల్చుకోండి. 10 నిమిషాలకోసారి ఆ పూట రికార్డుల సంఖ్య, మొత్తం లీటర్లు సర్వర్‌కు పంపండి. తేడా వస్తే సర్వర్ తన దగ్గరున్న నంబర్ల జాబితా ఇవ్వాలి, లేనివి మిషన్ మళ్లీ పంపాలి.

వాచ్‌డాగ్ టైమర్‌ను (సమయానికి రీసెట్ కాకపోతే మిషన్‌ను తానే రీస్టార్ట్ చేసేది) ప్రోగ్రామ్ ప్రధాన లూప్ చివర్లోనే రీసెట్ చేయండి. వేరే థ్రెడ్‌లో పెడితే లూప్ ఇరుక్కుపోయినా దానికి తెలియదు.

ఇక పరీక్ష. సిమ్ లాగేయండి. పంపుతుండగా కరెంటు తీసేయండి. కౌంటర్‌లో 9000 అని చేత్తో రాసి, మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. సిగ్నల్ తిరిగొచ్చాక 20 నిమిషాలు ఆగి, సర్వర్‌లోని లీటర్లను కేంద్రం పుస్తకంతో పోల్చి చూడండి.