పాత అమెరికన్ మిలిటరీ కత్తి కొనే ముందు జాగ్రత్తలు

రెండో ప్రపంచ యుద్ధం నాటిదని అమ్మేవాడు చెప్పగానే డబ్బు తీయకండి. ముందు ఇవి చూడండి.

• కత్తి మీది తయారీ కంపెనీ ముద్రలను భూతద్దంతో చదవండి. అమెరికా మెరైన్ల (నౌకా సైనికుల) మార్క్ 2 కత్తిని అందరూ కేబార్ అనేస్తారు, అది యూనియన్ కట్లరీ కంపెనీ బ్రాండు పేరు. నిజానికి యుద్ధకాలంలో యూనియన్ కట్లరీతో పాటు కమిలస్, రోబెసన్, పాల్ కంపెనీలు కూడా దాన్ని తయారుచేశాయి. కాబట్టి కేబార్ పేరు లేనంత మాత్రాన నకిలీ కాదు. బ్లేడు 7 అంగుళాలు ఉండాలి. బాగా తగ్గిందంటే సానపట్టి అరగదీశారన్నమాట.

• ఎం3 ట్రెంచ్ నైఫ్ (ముఖాముఖి పోరుకు అమెరికా సైన్యం ఇచ్చిన కత్తి) అయితే ఇంకాస్త నిదానం. 1943-44లోనే తయారైంది. మొదట్లో ముద్ర బ్లేడు మీద వేసేవారు, తర్వాత గార్డు (పిడికీ బ్లేడుకూ మధ్య ఉండే అడ్డుపట్టీ) మీదికి మార్చారు. బ్లేడు మీద ముద్ర ఉన్నవాటికి ధర ఎక్కువ, అందుకే అక్కడే అనుమానించాలి. పాత గీతలను కోసుకుంటూ అక్షరాలు కొత్తగా, పదునుగా కనిపిస్తే వదిలేయండి.

• ఒరను విడిగా పరీక్షించండి. ఎం3కి ముందు తోలు ఎం6, తర్వాత ప్లాస్టిక్ ఎం8 ఒరలు ఇచ్చారు. జత మారిపోవడం మామూలే, ధర మాత్రం తగ్గించమనండి.

• "మా తాత ఇవో జిమాలో వాడాడు" (ఇవో జిమా 1945లో యుద్ధం జరిగిన జపాన్ దీవి) అంటే కాగితాలు అడగండి. లేకపోతే కథకు పైసా ఇవ్వకండి.

• స్టీల్ ఉన్నితో రుద్దడం, బఫింగ్ (యంత్రంతో మెరుగు) చేయించడం వద్దు. పలచగా నూనె రాసి, తోలు ఒరలో కాకుండా విడిగా దాచండి.

• విమానంలో క్యాబిన్ బ్యాగులో పెట్టకండి. ఇండియాకు తేవాలనుకుంటే ముందే కస్టమ్స్‌ను అడగండి. బాకులు, బయొనెట్లు ఇక్కడ ఆయుధ చట్టం కిందికి వస్తాయి.