ముహూర్తం పెట్టుకున్నాక ముఖంతో ప్రయోగాలొద్దు

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే నెల్లూరు పొగతోటలోనూ, ఒంగోలులోనూ స్కిన్ క్లినిక్‌లకు రద్దీ మొదలవుతుంది. పెళ్లికూతుళ్లు, వాళ్ల తల్లులు, ఈమధ్య పెళ్లికొడుకులు కూడా. అందరి నోటా ఒకటే మాట: ‘పెళ్లి పది రోజుల్లో ఉంది డాక్టర్, ముఖం కళగా కనపడేలా ఏదో ఒకటి చెయ్యండి.’ ఆపరేషన్ కాదు కదా, కుట్లు పడవు కదా, ఏమవుతుందిలే అన్న ధీమా. కోత లేదన్న మాట నిజమే. కానీ పీల్ అంటే చర్మం మీద వేసే యాసిడ్. లేజర్ అంటే చర్మం లోపలికి పంపే వేడి. ఫిల్లర్ అంటే పల్లాలు నింపే జెల్‌తో, ముఖంలో రక్తనాళాల పక్కనే దిగే సూది. మన చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి కాస్త కమిలినా చాలు, నల్లమచ్చ వదిలిపెట్టి మానుతుంది. తెల్లతోలు వాళ్లకు నాలుగు రోజులు ఎర్రబడి తగ్గిపోయేది మనకు నెలల తరబడి నల్లగా నిలబడుతుంది.

అందుకని ఏ ట్రీట్‌మెంట్ అన్నది తరవాతి సంగతి, ముందు ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. చేతిలో టైమ్ ఉన్నవాళ్లకు ఇవి చాలావరకు మామూలు ట్రీట్‌మెంట్లే. బెడిసికొట్టేది ఎక్కువగా తొందరపడిన వాళ్లకే.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్క

గ్లైకోలిక్, శాలిసిలిక్, మాండెలిక్ లాంటి పైపైన పీల్స్ తీసుకుంటే, చేసిన మూడో రోజు నుంచి వారం దాకా పొట్టు లేస్తుంది. ఒక్క పీల్‌తో పని కాదు, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగైదు పడతాయి. కాబట్టి పెళ్లికి మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టాలి, చివరిది ముహూర్తానికి నెల ముందే అయిపోవాలి. జీవితంలో మొదటి పీల్ పెళ్లి నెలలో చేయించుకోవడం మాత్రం వద్దే వద్దు. మీ చర్మం దానికి ఎలా స్పందిస్తుందో డాక్టరుకూ తెలియదు, మీకూ తెలియదు.

ముడతలు తగ్గించే బోటాక్స్ సూది పని మూడు నుంచి అయిదు రోజుల్లో మొదలై, రెండు వారాలకు పూర్తిగా కనపడుతుంది. మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఒక కనుబొమ్మ ఎత్తుగా, ఒకటి పల్లంగా వచ్చిందనుకోండి, సరిచేయడానికి ఇంకో రెండు వారాలు కావాలి. అంటే నెల ముందు. ఫిల్లర్ల వాపు, కమిలిన గుర్తులు తగ్గడానికీ అంతే గడువు పెట్టుకోవాలి. మొటిమల గుంటలకు చేసే మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో గుచ్చడం), ఫ్రాక్షనల్ లేజర్లు (చుక్కలు చుక్కలుగా వేడి పంపేవి) నెలకొకటి చొప్పున సాగుతాయి. ఫలితం కూడా కొంత మెరుగు అన్నంత వరకే. గుంటలు పూర్తిగా పూడ్చేస్తామని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇక గడ్డం కింద, పై పెదవి మీద వెంట్రుకలకు లేజర్ అంటే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాల గ్యాప్. నిశ్చితార్థం నాడు మొదలుపెడితే చాలా ఇళ్లల్లో పెళ్లికి సగం కూడా అవ్వదు. ఆ సగంతో సరిపెట్టుకోవాలే గానీ, గ్యాప్ తగ్గించి తొందరగా చేసెయ్యమని క్లినిక్ వాళ్ల మీద ఒత్తిడి పెట్టకూడదు.

పెళ్లికూతుర్ని చేసే రోజు సంగతి చాలామంది క్లినిక్‌లో చెప్పనే చెప్పరు. ఆ రోజు ముత్తయిదువులు తలా ఒక చెయ్యి వేసి, నువ్వుల నూనె పట్టించి, శెనగపిండి, పసుపు కలిపిన నలుగుపిండితో బుగ్గలు రుద్దుతారు. ప్రేమకొద్దీ కాస్త గట్టిగానే రుద్దుతారు. వారం కిందట పీల్ చేయించుకున్న బుగ్గకు అది గరుకు కాగితం పెట్టినట్టే. పైపొర ఇంకా కుదురుకోకుండానే గీసుకుపోతుంది, తలంబ్రాల వేళకు ముఖం మంట, ఇంకో నెలకు బుగ్గల మీద మరకలు. ఆలస్యంగా పీల్ చేయించుకున్న పిల్లకు నలుగు చేతులకూ కాళ్లకూ పెట్టి, ముఖానికి శాస్త్రం కోసం కాస్త పసుపు తాకిస్తే సరిపోతుంది. ఈ మాట పెద్దమ్మలకూ అత్తలకూ వాళ్లమ్మ ముందే చెప్పిపెట్టాలి. పీటల మీద కూర్చున్నాక పిల్ల చెప్తే ఎవరూ వినిపించుకోరు.

పెళ్లికి రెండు వారాల్లోపు వచ్చినవాళ్లకు ఉన్నవాటిలో మంచిది ఏమీ చేయించుకోకపోవడం. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, నిద్ర, అంతే. ఇంతకుముందు పడిన మామూలు ఫేషియల్ ఏదన్నా ఉంటే అది చేయించుకోవచ్చు. కొత్తది మాత్రం వద్దు.

మన ఎండ సంగతి

వైశాఖంలో పెళ్లి పెట్టుకుని, ఏప్రిల్‌లో లేజర్ చేయించుకుని, నడినెత్తిన సూర్యుడు ఉండగా శుభలేఖలు పంచడానికి స్కూటీ మీద తిరగడం మన జిల్లాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. ఎండకు ఇప్పటికే నల్లబడ్డ చర్మం మీద లేజర్ పడితే, వెంట్రుక కుదురుకు పోవాల్సిన వేడిని పైపొరలోని రంగే లాగేసుకుంటుంది. కాలి బొబ్బలు లేచేది అందుకే. రొయ్యల చెరువుల దగ్గర పని చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, తలమీద టోపీ ఉన్నా నీళ్ల మీద నుంచి తిరిగొచ్చే ఎండ గడ్డానికీ బుగ్గలకూ కొడుతూనే ఉంటుంది. బయట పనులున్నవాళ్లు ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా లేజర్లూ పీల్సూ పక్కన పెట్టడమే మేలు. మన కోస్తాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండాలు, మబ్బులు, ఇంటిపట్టున ఉండే రోజులు. మాఘంలో పెళ్లికైనా, వైశాఖంలో పెళ్లికైనా మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి కాలం లేదు. మబ్బు పట్టినా అతినీలలోహిత కిరణాలు వస్తూనే ఉంటాయి కాబట్టి సన్‌స్క్రీన్ మాత్రం మానకూడదు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా చూసుకోవాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శెనగగింజంత తీసుకుని ముఖమంతా సాగదీస్తే ప్యాకెట్ మీద రాసిన రక్షణ రాదు. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి, మన ఉక్కపోతకు చెమటలోనే సగం పోతుంది. మంగు మచ్చలున్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ అడగండి, మంగును మామూలు వెలుతురు కూడా రేపుతుంది. పొయ్యి సెగ కూడా మంచిది కాదు. అసలు మంగుకు లేజర్ అనగానే తల ఊపెయ్యకండి. తగ్గినట్టే తగ్గి, ఇంకా ముదురుగా తిరిగొచ్చే జబ్బు అది. ముందు క్రీములు, సన్‌స్క్రీన్, వాటితో లొంగకపోతేనే మిగతావి.

కనిగిరి నుంచో పొదిలి నుంచో ఒంగోలు వచ్చేవాళ్లు సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకుని బస్సులో వెళ్లండి. లేజర్ అయ్యాక మిట్టమధ్యాహ్నం బండి మీద, చెమట పట్టిన చున్నీ ముఖానికి బిగించి కట్టుకుని వెళ్తే వేడి, రాపిడి రెండూ తగులుతాయి. రెండు మూడు రోజులు జిమ్, వేడినీళ్ల స్నానం ఆపాలి. మైపాడు సముద్రస్నానం ఇంకో వారం ఆగినా ఏం కాదు.

ఇంకొకటి. పొదలకూరు నిమ్మకాయలకు కొదవలేని చోటు కాబట్టి, పీల్‌కు ముందు ‘సహజంగా’ ఉంటుందని ముఖానికి నిమ్మరసం రాసుకునే అలవాటు మనవైపు బాగానే ఉంది. నిమ్మతొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, తరవాత చారలు చారలుగా నల్లబడుతుంది. తెల్లబడాలని రాసి నల్లబడటం అంటే ఇదే.

డాక్టరు దగ్గర దాచకూడనివి

‘ముఖానికి ఏం రాస్తుండావమ్మా?’ అని డాక్టరు అడగడం, ‘ఏం లా మేడం, ఒట్టి సబ్బే’ అని అమ్మాయి చెప్పడం మామూలే. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనపడుతుంటాయి, నూగు పెరిగి ఉంటుంది, ఎండకు పోతే మంటంటుంది. డాక్టరు మళ్లీ అడిగితే అప్పుడు వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి, చివరిదాకా మడిచి పిండిన ట్యూబు తీస్తుంది. ‘తెల్లబడతారని మెడికల్ షాపులో ఇచ్చినాడు మేడం, రెండేళ్లుగా ఇదే.’ స్టిరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన క్రీము అది. స్టిరాయిడ్ క్రీములను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. ఆ క్రీముతో పలచబడ్డ చర్మం మీద మామూలు పీల్ కూడా లోతుగా దిగిపోతుంది. అలాగని పీల్ కోసం క్రీము ఒక్కసారిగా ఆపేసినా మొటిమలు, మంట విరుచుకుపడతాయి. మెల్లగా మాన్పించాకే మిగతా పనులు. పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం వేరే. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లను ఆరా తీస్తే తేలింది ఇలాంటి క్రీములే. కాబట్టి వాడే ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే చెప్పాలి. ట్రెటినాయిన్, అడపలీన్ లాంటి రాత్రి క్రీములు పీల్‌కు వారం ముందు ఆపమంటారు. నోటి చుట్టూ అప్పుడప్పుడు నీటిపొక్కులు వచ్చే అలవాటుంటే అది హెర్పిస్, పీల్‌కైనా లేజర్‌కైనా ముందు డాక్టరు రాసే మాత్రలు వేసుకోవాలి. చెవి కుట్టించిన చోట గట్టి గడ్డ లేచిందా, పాత గాయాలు ఉబ్బుగా మానాయా అన్నది కెలాయిడ్ (గాయం మానాక మచ్చ గడ్డలా పెరిగే) తత్వానికి గుర్తు. షుగర్, రక్తం పలచబడే మందులు, గర్భం, పాలివ్వడం ఇవన్నీ చెప్పాల్సినవే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు బోటాక్స్ చెయ్యరు. గుండెకు వాడే ఆస్పిరిన్‌ను, కమిలిపోతుందేమోనని సొంతంగా ఆపెయ్యకూడదు, ఆ మందు రాసిన డాక్టరును అడగాలి. ఆస్పిరిన్ పడనివాళ్లకు శాలిసిలిక్ పీల్ వద్దు.

వెంట్రుకల లేజర్‌కు నెల ముందు నుంచి వ్యాక్సింగ్, పీకడం, దారంతో తీయించడం ఆపాలి. కుదురు ఉంటేనే లేజర్‌కు పని. రేజర్ పరవాలేదు. గడ్డం మీద దట్టంగా వెంట్రుకలు, నెలసరి తేడాగా ఉంటే ముందు పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల తేడా) సంగతి చూపించుకోండి. అది అలాగే ఉంటే డబ్బు పోసిన వెంట్రుకలు మళ్లీ మొలుస్తాయి.

ఎవరి చేతిలో పెడుతున్నారు

‘కాస్మటాలజిస్ట్’ అన్న బోర్డు డిగ్రీ కాదు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో కూడా ఆ బోర్డు వెలుస్తుంది. చర్మ డాక్టరు అంటే చర్మవ్యాధుల్లో ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డీఎన్‌బీ చదివినవాళ్లు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. డాక్టరు పేరు బోర్డు మీదే ఉండి, లేజర్ పట్టేది మూడు నెలల కిందట చేరిన అమ్మాయి అయ్యే చోట్లూ ఉన్నాయి. అందుకే ‘నాకు చేసేది ఎవరు?’ అని సూటిగా అడగండి. వెంట్రుకలకు ఏ లేజర్ అని కూడా అడగాలి. మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అన్నిటికన్నా క్షేమం, డయోడ్ కూడా సరైన సెట్టింగులతో చేస్తారు. లేజర్ బదులు గట్టి వెలుతురు కొట్టే ఐపీఎల్ మెషీన్లతో కాలే ప్రమాదం ఎక్కువ. ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చోట చేసి చూపించమనండి. కాలిన గుర్తు ఒకటి రెండు రోజుల్లో బయటపడినా, నలుపు తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టకుండా లేజర్ ఆన్ చేస్తే లేచి కూర్చోండి, మొహమాటం అక్కర్లేదు.

సూదుల దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. పీఆర్‌పీ ఫేషియల్ అంటే మీ రక్తమే తీసి, మెషీన్లో తిప్పి, అందులో విడిపోయిన భాగాన్ని సూదులతో మళ్లీ ముఖంలోకి పంపడం. ట్యూబు మీద మీ పేరు, కొత్త సూది, కళ్ల ముందు విప్పిన ప్యాకెట్, ఈ మూడూ ఉండాలి. అమెరికాలో న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఈ ఫేషియల్ చేయించుకున్న ముగ్గురు మహిళలకు హెచ్ఐవీ సోకిందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో బయటపెట్టింది. తెల్లబడటానికి గ్లూటాథయోన్ అనే మందు సెలైన్‌లో ఎక్కిస్తామంటే నా మాటగా వద్దనే చెప్తాను. నిలిచే ఫలితానికి గట్టి ఆధారం లేదు, ఒళ్లంతా చర్మం ఊడే తీవ్రమైన రియాక్షన్ల గురించి, కిడ్నీ, థైరాయిడ్ ఇబ్బందుల గురించి ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా.

చెన్నై మూడు గంటల ప్రయాణమే కదా అని నెల్లూరు వాళ్లు అక్కడికి వెళ్తుంటారు. వెళ్లండి, కానీ చేయించుకున్న రాత్రి తేడా వస్తే ఎవరికి చూపించాలో ముందే మాట్లాడుకోండి. ఫిల్లర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంజెక్షన్ తరవాత ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి, ఆ చోట చర్మం పాలిపోవడం, నీలంగా వల వేసినట్టు మచ్చలు, చూపు మసకబారడం కనిపిస్తే రక్తనాళంలోకి ఫిల్లర్ వెళ్లిందని అనుమానించాలి. పొద్దున చూద్దాంలే అనకూడదు, గంటలు కూడా లెక్కే. హయలురోనిక్ ఫిల్లర్‌ను కరిగించే హయలురోనిడేజ్ ఇంజెక్షన్ క్లినిక్‌లో ఉందో లేదో ఫిల్లర్ వేయించుకునే ముందే అడగాలి. లేదంటే అక్కడ వేయించుకోవద్దు. చూపు తగ్గితే నేరుగా కంటి విభాగం ఉన్న పెద్దాసుపత్రికి.

బోటాక్స్ తరవాత కనురెప్ప వాలితే భయపడక్కర్లేదు, వారాల్లో సర్దుకుంటుంది, అయినా డాక్టరుకు చూపించాలి. ఆ రోజు నాలుగు గంటలు పడుకోకుండా, ముఖం రుద్దకుండా, తలకు నూనె మర్దనా పెట్టించుకోకుండా ఉండాలి. లేజర్, పీల్ తరవాత బొబ్బలు లేస్తే చిదమొద్దు. పసుపు, టూత్‌పేస్ట్, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదీ రాయకుండా, చల్లటి తడిబట్ట వేసి, ఫోటో తీసి అదే రోజు చూపించాలి.

బిల్లు, మందు సీసా మీది బ్యాచ్ స్టిక్కర్, చేసిన తేదీ, ముందూ తరవాతా ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి. క్లినిక్ వాళ్లు పట్టించుకోకపోతే జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయంలో, డాక్టరు మీదైతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో, డబ్బు సంగతికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూడు చోట్లా మొదట అడిగేది ఈ కాగితాలే.